36 ఏళ్లకి ఎంబీబీఎస్‌లో చేరొచ్చా? చెప్పండి

నమస్తే అండి. మాది కావలి. బైపీసీ తర్వాత బీఎస్సీ నర్సింగ్ చేసి నెల్లూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో పనిచేస్తున్నాను. నైట్ డ్యూటీలో పేషెంటుకి బీపీ పడిపోతుంటే, ఏ మందు పెట్టాలో తెలిసినా డాక్టరు ఫోనెత్తేదాకా ఆగాల్సిందే. అప్పటినుంచీ ఇదే ఆలోచన.

నీట్‌కి గరిష్ఠ వయోపరిమితి 2022లో తీసేశారు కాబట్టి రాయడానికి అడ్డు లేదు. 720లో బయాలజీకే 360 కదా, అది లాగేస్తాను. ఫిజిక్సే, అమ్మో! ప్రభుత్వ సీటు, అదీ నెల్లూరులోనో ఒంగోలులోనో వస్తేనే చేరతా. మేనేజ్‌మెంట్ కోటా మా వల్ల కాదు. వచ్చే ఏడాది సీటొచ్చినా నాలుగున్నరేళ్ల చదువు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్, బయటికొచ్చేసరికి 43. మా ఆయన "నీ ఇష్టం" అంటున్నారు. అత్తమ్మేమో "ఇప్పుడెందుకమ్మా ఈ తిప్పలు, ఆ డబ్బుతో పెద్దదాన్ని చదివించుకో" అంటోంది. ఆమె మాటా తీసిపారేయలేను.

30 దాటాక చేరినవాళ్లు ఎవరైనా ఉన్నారా? జీతం లేకుండా ఇల్లెలా నెట్టుకొచ్చారు? షిఫ్టులు చేస్తూ ఫిజిక్స్ ఎక్కడినుంచి మొదలుపెట్టాలి? పీజీ చేయకపోతే ఆ వయసులో ఒట్టి ఎంబీబీఎస్ దండగ అంటున్నారు, నిజమేనా?