పాత ఇన్వర్టర్‌ను తీసేసి హైబ్రిడ్ పెట్టాలా, దాన్ని ఉంచి బ్యాటరీ జోడించాలా?

ఎండపొద్దు:

మా మేడ మీద 540 వాట్ల సోలార్ ప్యానెళ్లు పది, వాటికి 5 కిలోవాట్ల మామూలు గ్రిడ్ ఇన్వర్టర్ ఒకటి, నాలుగేళ్లుగా ఏ ఇబ్బందీ లేకుండా పనిచేస్తున్నాయి. కరెంటు పోయినప్పుడు మాత్రం నడినెత్తిన ఎండ కాస్తున్నా ఇంట్లో ఒక్క ఫ్యానూ తిరగదు. లైన్ మీద పనిచేసేవారికి ప్రమాదం కలగకుండా, గ్రిడ్ లేనప్పుడు ఇన్వర్టర్ ఆగిపోవాలన్న నియమం సరైనదే; దాన్ని నేను తప్పుపట్టడం లేదు. ఇప్పుడు 48 వోల్టుల తరగతికి చెందిన 10 కిలోవాట్-అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ పెట్టుకోవాలనుకుంటున్నాను.

సోలార్ బిగించే ఇద్దరిని అడిగాను. మొదటివారు పాత ఇన్వర్టర్‌ను తీసేసి 5 కిలోవాట్ల హైబ్రిడ్, అంటే ప్యానెళ్లనూ బ్యాటరీనీ ఒక్కటే చూసుకునే ఇన్వర్టర్, పెట్టుకోమన్నారు. వారు చూపించిన మోడల్‌కు ప్యానెళ్ల వైపు గరిష్ఠ వోల్టేజి 500 అని రాసి ఉంది. రెండవవారు పాతదాన్ని ముట్టుకోవద్దని, పక్కనే 3 కేవీఏ బ్యాటరీ ఇన్వర్టర్ పెడితే చాలని అన్నారు. ఇద్దరూ ఎదుటివారి పద్ధతి తప్పని గట్టిగా చెప్పారే గాని కారణాలు విడమరచి చెప్పలేదు. కరెంటు పోయినప్పుడు ఫ్రిజ్, దీపాలు, ఫ్యాన్లు, కంప్యూటర్, వీలైతే ఒక హార్స్‌పవర్ నీటి మోటారు నడవాలి. ఎయిర్ కండిషనర్ నడవకపోయినా ఫర్వాలేదు. ప్యానెల్ వెనుక చీటీ మీద ఓపెన్ సర్క్యూట్ వోల్టేజి (కరెంటు ఏమీ తీసుకోనప్పుడు ఉండేది) 49.5 అని ఉంది. పదీ ఒకే వరుసలో కలిపి ఉన్నాయి. మీలో రెండు పద్ధతులూ చూసినవారు కారణాలతో సహా చెప్పగలరని ఆశిస్తున్నాను.

రాగితీగ:

ఎండపొద్దు గారూ, చక్కగా పనిచేస్తున్న పరికరాన్ని తీసి మూలన పెట్టమనే సలహాను నేను ఒప్పుకోను. హైబ్రిడ్ అంటే ప్యానెళ్ల నుంచి గరిష్ఠ శక్తిని రాబట్టే ఎంపీపీటీ, బ్యాటరీని నింపి ఖాళీ చేసే డీసీ కన్వర్టర్, డీసీని ఏసీగా మార్చే భాగం, గ్రిడ్ పోగానే ఇంటిని దాని నుంచి విడదీసే రిలేలు, ఇవన్నీ ఒకే పెట్టెలో, ఒకే కంట్రోల్ బోర్డు అదుపులో ఉండే ఏర్పాటు. మా ఇంట్లో ఆ బోర్డు పోయింది. ప్యానెళ్లు బాగున్నాయి, బ్యాటరీ 90 శాతం నిండి ఉంది, అయినా విడిభాగం వచ్చేదాకా 19 రోజులు ఆ రెండిటిలో ఏదీ అక్కరకు రాలేదు. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం, ఎందుకంటే అన్నీ ఒకే పెట్టెలో ఉన్నప్పుడు ఎవరి తయారీకైనా ఇదే ప్రమాదం ఉంటుంది.

విడివిడిగా ఉంటే బ్యాటరీ ఇన్వర్టర్ చెడిపోయినా పగటి సోలార్ ఆగదు. సోలార్ ఇన్వర్టర్ చెడిపోయినా గ్రిడ్ నుంచి బ్యాటరీ నింపుకుని కరెంటు పోయినప్పుడు వాడుకోవచ్చు. ఇదేమీ పాతకాలపు పద్ధతి కాదు. టెస్లా పవర్‌వాల్ 2 ఇలాగే వచ్చింది: 13.5 కిలోవాట్-అవర్ల బ్యాటరీ, దాని ఇన్వర్టర్ దానిలోనే ఉంటుంది, సోలార్‌తో సంబంధమంతా ఏసీ వైపు నుంచే. విక్ట్రాన్ మల్టీప్లస్, ఎస్ఎంఏ సన్నీ ఐలాండ్ అనే బ్యాటరీ ఇన్వర్టర్లు కూడా ఈ పనికి ఎంతోకాలంగా వాడుకలో ఉన్నవే.

ఇంకొక మాట. లోపలి వేడి పది డిగ్రీలు పెరిగితే ఇన్వర్టర్లలో ఉండే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ అనే భాగం ఆయుష్షు సుమారుగా సగమవుతుందన్నది ఈ రంగంలో అందరూ పాటించే లెక్క. హైబ్రిడ్ పెట్టె పగలు సోలార్ పనీ రాత్రి బ్యాటరీ పనీ చేస్తూ ఎప్పుడూ వెచ్చగానే ఉంటుంది. విడి సోలార్ ఇన్వర్టర్‌కు రాత్రంతా విశ్రాంతి దొరుకుతుంది.

నిండుబ్యాటరీ:

రాగితీగ గారు పడిన ఇబ్బంది పట్ల నాకు సానుభూతి ఉంది, కాని ఒక బోర్డు పోయిందని పద్ధతినే తోసిపుచ్చడం న్యాయం కాదు. విడి పరికరాల ఏర్పాటులో ప్యానెల్ డీసీ ముందు ఏసీగా మారుతుంది, బ్యాటరీలోకి వెళ్లడానికి మళ్లీ డీసీ అవుతుంది, రాత్రి వాడుకకు మళ్లీ ఏసీ అవుతుంది. మార్పిడికి 4 శాతం చొప్పున పోతుందనుకుంటే చివరికి మిగిలేది 88.5 శాతం. హైబ్రిడ్‌లో డీసీ నుంచి డీసీకి ఒకసారి, ఏసీకి ఒకసారి, అంటే రెండే మార్పిడులు. మిగిలేది 92 శాతం. ప్రతిరోజూ బ్యాటరీ నింపి ఖాళీ చేసే ఇంట్లో ఈ తేడాను పట్టించుకోక తప్పదు.

అంతకన్నా పెద్ద విషయం మరొకటి ఉంది. కరెంటు ఒకటిన్నర రోజు రాలేదనుకోండి, రాత్రికి బ్యాటరీ అడుగంటి ఆగిపోయిందనుకోండి. తెల్లవారి ఎండ వచ్చినా పాత గ్రిడ్ ఇన్వర్టర్ లేవదు, ఎందుకంటే దానికి ముందుగా ఎవరో ఒకరు ఏసీ వోల్టేజి చూపించాలి. ఆ పని చేయవలసిన బ్యాటరీ ఇన్వర్టర్ తానే చతికిలబడి ఉంటుంది. సరైన హైబ్రిడ్‌లో ప్యానెళ్ల డీసీ నేరుగా బ్యాటరీని తాకుతుంది కాబట్టి ఎండతోపాటే ఇల్లు మేలుకుంటుంది. ఫ్రోనియస్ జెన్24 శ్రేణి అయితే బ్యాటరీ అసలు లేకుండానే, ఎండ ఉన్నంతసేపు పీవీ పాయింట్ అనే సాకెట్‌కు 3 కిలోవాట్ల వరకు ఇవ్వగలదు. రాగితీగ గారు ఉదాహరణగా చెప్పిన టెస్లా కూడా పవర్‌వాల్ 3 నాటికి సోలార్ ఇన్వర్టర్‌ను పెట్టెలోకే తెచ్చింది. మేడ మీది ప్యానెళ్లు నేరుగా దానికే కలుస్తాయి. ఆ కంపెనీ ఒక పద్ధతి నుంచి మరొకదానికి ఊరికే మారలేదని నా నమ్మకం.

మిద్దెమెట్లు:

పెద్ద చర్చ మధ్యలో చిన్న మాట. ఏది పెట్టుకున్నా మోటారు సంగతి ముందు తేల్చుకోండి. మాది 5 కిలోవాట్ల ట్రాన్స్‌ఫార్మర్ లేని హైబ్రిడ్. ఫ్రిజ్ కంప్రెసర్ నడుస్తుండగా ఒక హార్స్‌పవర్ మోటారు స్విచ్ వేయగానే దీపాలు ఒక్కసారి మసకబారి ఇల్లంతా ఆరిపోయింది; తెర మీద ఓవర్‌లోడ్ అని వచ్చింది. తర్వాత మోటారును గ్రిడ్ వైపుకు మార్పించి, కరెంటు ఉన్నప్పుడే ట్యాంకు నింపుకుంటున్నాము.

స్క్రూడ్రైవర్:

నేను పదకొండేళ్లుగా ఈ పరికరాలు బిగిస్తున్నాను, విప్పి బాగు చేస్తున్నాను. రెండు పక్షాల వాదనల్లోనూ బలం ఉంది, అయితే ఎండపొద్దు గారి ఇంటి విషయంలో వారికి వచ్చిన రెండు సలహాలూ ఉన్నవి ఉన్నట్టుగా ప్రమాదకరమైనవే, ముందు దాన్ని చెప్పాలి.

హైబ్రిడ్ సలహా చూడండి. 49.5ను పదితో గుణిస్తే 495, అంటే 500 కన్నా తక్కువే కదా అనిపిస్తుంది. కాని చీటీ మీది ఆ అంకె సెల్ ఉష్ణోగ్రత 25 డిగ్రీలు ఉన్నప్పటిది. చల్లబడేకొద్దీ ప్యానెల్ వోల్టేజి పెరుగుతుంది. ఈ రకం ప్యానెళ్లకు డిగ్రీకి సుమారు 0.27 శాతం. 5 డిగ్రీల చలిలో 20 డిగ్రీల తేడాకు 5.4 శాతం కలిపితే 522 వోల్టులు. అలాంటి ఉదయం ఎండ సూటిగా పడిన క్షణాన ఎంపీపీటీ లోపలి భాగాలు కాలిపోవచ్చు, గరిష్ఠ వోల్టేజి దాటిన నష్టానికి వారంటీ కూడా వర్తించదు. ఆ మోడలే కావాలంటే వరుసను ఐదైదుగా విడదీసి రెండు ఎంపీపీటీలకు ఇవ్వాలి, మేడ మీద నుంచి ఇంకొక జత డీసీ తీగలు దించాలి. ఈ పని గురించి వారు మీకు చెప్పినట్టు లేదు.

రెండవ సలహాలోని లోపం ఇంకా సూక్ష్మమైనది. గ్రిడ్ లేనప్పుడు, బ్యాటరీ నిండిపోయాక, ఇంట్లో వాడకం లేకపోతే 5 కిలోవాట్ల సోలార్ ఎక్కడికి పోవాలి? బ్యాటరీ ఇన్వర్టర్ తన ఫ్రీక్వెన్సీని 50 హెర్ట్జ్ నుంచి పైకి జరుపుతుంది, దాన్ని గమనించి సోలార్ ఇన్వర్టర్ ఉత్పత్తి తగ్గించుకుంటుంది. ఇది జరిగేలోగా మిగులు విద్యుత్తంతా బ్యాటరీ ఇన్వర్టర్ గుండా వెనక్కు పారుతుంది. అందుకే సోలార్ ఇన్వర్టర్ సామర్థ్యం బ్యాటరీ ఇన్వర్టర్ కేవీఏను మించకూడదని విక్ట్రాన్ తన సూచనల్లో స్పష్టంగా పేర్కొంది. 5 కిలోవాట్ల సోలార్ పక్కన 3 కేవీఏ పెట్టడం ఆ నియమాన్ని నేరుగా ఉల్లంఘించడమే. పైగా మీ పాత ఇన్వర్టర్ ఫ్రీక్వెన్సీని బట్టి మెల్లగా తగ్గే రకమా, లేక పరిమితి దాటగానే టక్కున ఆగి కొన్ని నిమిషాలకు గాని మళ్లీ కలవని రకమా అన్నది దాని సెట్టింగుల్లో చూసుకోవాలి.

నిండుబ్యాటరీ గారి నష్టాల లెక్క సరైనదే, కాని దాని పరిమాణాన్ని కూడా చూడాలి. రోజుకు 8 యూనిట్లు బ్యాటరీ గుండా వెళితే ఆ తేడా 0.3 యూనిట్. ఈ మధ్య ఒక హైబ్రిడ్ దగ్గర రాత్రి లోడ్లన్నీ ఆపించి, బ్యాటరీ పాజిటివ్ తీగకు డీసీ క్లాంప్ మీటరు తగిలించి చూశాను. 1.2 ఆంపియర్లు. 51.2 వోల్టులతో గుణిస్తే 61 వాట్లు. ఏ పనీ చేయకుండా మేలుకొని ఉండడానికే రోజుకు దాదాపు ఒకటిన్నర యూనిట్ తాగుతోందన్నమాట. కరపత్రం మొదటి పేజీలో 97 శాతం సామర్థ్యం అని పెద్ద అక్షరాలతో వేస్తారు, ఈ ఖాళీ వాడకం అంకెను చివరి పేజీ పట్టికలో వెతుక్కోవాలి. రెండు హైబ్రిడ్లను పోల్చేటప్పుడు నేను మొట్టమొదట చూసేది ఆ వరుసే. విడి పరికరాలు పెడితే ఈ ఖర్చు ఉండదని కాదు. అక్కడా బ్యాటరీ ఇన్వర్టర్ రాత్రంతా మేలుకునే ఉంటుంది. కాబట్టి ఏ వైపు మొగ్గినా అడగవలసిన అంకె ఇదే.

మోటారు గురించి మిద్దెమెట్లు గారు చెప్పింది అక్షరాలా నిజం. ఒక హార్స్‌పవర్ మోటారు నడుస్తున్నప్పుడు తీసుకునేది కిలోవాట్‌కు కాస్త పైన ఉంటుంది, కాని మొదలయ్యే క్షణంలో దాని కరెంటు ఐదారు రెట్లు పెరుగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ లేని రకం రెట్టింపు భారాన్ని కొన్ని సెకన్లు మోస్తుంది, అంతే. బరువైన రాగి చుట్టలతో ఉండే ట్రాన్స్‌ఫార్మర్ రకం ఇలాంటి దెబ్బను మెరుగ్గా తట్టుకుంటుంది. బ్యాకప్ వైపు తీగలు వేరుచేసినప్పుడు, గ్రిడ్ పోయాక న్యూట్రల్‌కు ఎర్త్‌తో సంబంధం ఇన్వర్టర్ తానే కలుపుతుందా అని తప్పకుండా అడగండి. అది లేకపోతే షాక్ కొట్టినప్పుడు ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్, పడిపోదు. ఇది ప్రాణానికి సంబంధించిన సంగతి.

మీ స్థానంలో నేనైతే, పాత ఇన్వర్టర్‌లో ఆ ఫ్రీక్వెన్సీ సెట్టింగ్ ఉంటే దాన్నే ఉంచి, పక్కన ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న 5 కేవీఏ బ్యాటరీ ఇన్వర్టర్ పెడతాను. ఆ సెట్టింగ్ లేకపోతే ఏమాత్రం తటపటాయించకుండా 600 వోల్టుల హైబ్రిడ్‌కు వెళతాను.

నిండుబ్యాటరీ:

ఖాళీ వాడకం సంగతి ఒప్పుకుంటున్నాను. నేను దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. కాని అడుగంటిన బ్యాటరీ సమస్యకు మీరు సమాధానం చెప్పలేదు.

స్క్రూడ్రైవర్:

నిజమే, దాటవేశాను. బ్యాటరీ 20 శాతానికి రాగానే ఇంటి లోడ్లు ఆగేలా, కాని ఇన్వర్టర్ పొద్దున్నే మళ్లీ లేవడానికి సరిపడా మిగిలేలా అమర్చుకోవాలి. అది కూడా చేయి దాటితే మీరు చెప్పిందే జరుగుతుంది. కరెంటు గంటల తరబడి కాకుండా రోజుల తరబడి పోయే చోట నేనూ హైబ్రిడ్‌నే ఎంచుకుంటాను.

ఎండపొద్దు:

అందరికీ కృతజ్ఞతలు. స్క్రూడ్రైవర్ గారు చెప్పిన లెక్కను కళ్లారా చూడాలనిపించి, ఈ ఉదయం గాలి ఉష్ణోగ్రత 6 డిగ్రీలు ఉండగా, ఏసీ బ్రేకర్ దించి ప్యానెళ్ల మీద ఎండ పడేదాకా ఇన్వర్టర్ తెర ముందు నిలబడ్డాను. 471 దగ్గర మొదలైన అంకె నెమ్మదిగా ఎక్కుతూ 504 దగ్గర ఆగింది. మా పాతదాని పరిమితి 600 కాబట్టి దానికేమీ కాలేదు. ఆ 500 వోల్టుల పెట్టె అక్కడ ఉండి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే భయమేసింది.

సెట్టింగులు కూడా చూశాను. 50.2 హెర్ట్జ్ దాటాక ఉత్పత్తిని మెట్లుమెట్లుగా తగ్గించే ఎంపిక ఉంది, కాని ఆఫ్‌లో ఉంది. మా దగ్గర కరెంటు పోతే రెండు మూడు గంటల్లో వస్తుంది కాబట్టి పాతదాన్నే ఉంచుతాను. 3 కేవీఏ సలహా ఇచ్చినవారికి ఫోన్ చేసి, 5 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ రకానికి ఖాళీ వాడకం ఎన్ని వాట్లో, న్యూట్రల్‌ను ఎర్త్‌కు కలిపే రిలే అందులో ఉందో లేదో రాతపూర్వకంగా ఇమ్మని అడిగాను. మోటారును గ్రిడ్ వైపే ఉంచుతున్నాను.