‘కృపచేతనే’, ‘విశ్వాసముద్వారా’: ఒక్క వాక్యంలో మూడు విభక్తులు

అందరికీ నమస్కారం. మాది జమ్మలమడుగు దగ్గర పల్లె, ఇప్పుడు ఉండేది కడపలో. ఈ వారం చర్చకు ఒక బైబిలు వాక్యం పెడుతున్నాను. ఎవరి నమ్మకం వారిది, నేను మాట్లాడబోయేది తెలుగు గురించే. అయితే ఈ తెలుగు మా అమ్మ మనశ్శాంతితో ముడిపడి ఉంది, కాబట్టి ఆమె సంగతి కూడా వస్తుంది.

తొలినాటి క్రైస్తవ బోధకుడు పౌలు ఎఫెసీయులకు (ఎఫెసు ఊరి క్రైస్తవులకు) రాసిన పత్రిక, 2వ అధ్యాయం, 8, 9 వచనాలు:

“మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు, ఇది మీవలన కలిగినది కాదు, దేవుని వరమే. అది క్రియలవలన కలిగినది కాదు గనుక ఎవడును అతిశయపడ వీలులేదు.”

అమ్మకు జబ్బు ముదిరిన రోజుల్లో ఒక ప్రార్థన కూటానికి తీసుకుపోయినాం. అక్కడ ఒకాయన అందరి ముందూ, “నీ విశ్వాసం చాల్లేదమ్మా, అందుకే నీకింకా బాగు కాలేదు” అన్నాడు. ఆయన ఆ మాట మరిచిపోయి ఉంటాడు. అమ్మ మరిచిపోలేదు. రాత్రిళ్లు లేచి కూర్చుని, “ఎంత విశ్వాసముంటే చాలు నాయనా? నాకు స్వస్థత రాలేదంటే రక్షణ కూడా లేనట్టేనా?” అని అడిగేది. నేను బోధకుణ్ణి కాను. తెలుగు చదువుకున్నవాణ్ణి. నాకు చేతనైంది వాక్యం తీసి విభక్తులు చూడటమే.

ముందు ‘చేత’. బళ్లో అందరం వల్లె వేసిందే: చేతన్, చేన్, తోడన్, తోన్, తృతీయా విభక్తి. పని ఎవరు చేశారో వాళ్ల పేరు పక్కన ఉండే ప్రత్యయం. “వానిచేత చేయించినా”, “చేతనైన సాయం”, అన్నిటికన్నా ముఖ్యంగా “నాచేత కాదు” అని రోజూ అంటుంటాం. ఈ వాక్యంలో ‘చేత’ ఎవరికి తగిలింది? కృపకు. రక్షించే పని చేసింది కృప. మనిషి “నాచేత కాదు” అన్న చోట “కృపచేతనే” అయింది.

తర్వాత ‘వలన’. ఇది పంచమి, ఒకటి ఎక్కణ్ణుంచి పుట్టిందో చెప్పేది. ఇది వాక్యంలో రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ ‘కాదు’తోనే వచ్చింది. మీవలన కాదు, క్రియలవలన (అంటే మనం చేసే పనులవలన) కాదు.

ఇక ‘విశ్వాసము’ పక్కన ఉన్నది ఈ రెండూ కాదు, ‘ద్వారా’. సంస్కృతంలో ద్వారం అంటే వాకిలి. ‘ద్వారా’ అంటే వాకిలి గుండా. అనువాదకులు ఏదో ఒకటని రాసేయలేదు, మూలంలో కూడా మూడు చోట్లా మూడు తీర్లుగానే ఉంది. గ్రీకులో కృపకు చేరింది వట్టి విభక్తి రూపం, విశ్వాసానికి ‘దియా’ అనే మాట, ‘మీవలన’, ‘క్రియలవలన’ అన్న చోట్ల ‘ఎక్’ అనే మాట. మన తెలుగు ఆ మూడింటినీ కలగాపులగం చేయకుండా చేత, ద్వారా, వలన అని విడివిడిగా నిలబెట్టింది. ఇది చూసినప్పుడు నాకు తెలుగు మీద గౌరవం ఇంకా పెరిగింది.

‘దియా’ గురించి ఇంకో మాట చెప్పాలి. దాని తర్వాత వచ్చే నామవాచకం ఒక విభక్తిలో ఉంటే ‘ద్వారా’ అని, ఇంకో విభక్తిలో ఉంటే ‘ఫలానాదాన్ని బట్టి’ అని అర్థం మారిపోతుంది. పౌలు రక్షణ సంగతి చెప్పేటప్పుడు విశ్వాసానికి వాడేది మొదటిదే. నీ విశ్వాసాన్ని చూసి, దాన్ని లెక్కగట్టి దేవుడు రక్షణ ఇచ్చాడని ఆయన ఎక్కడా అనడు.

‘రక్షింపబడియున్నారు’ కూడా గమనించండి. ‘బడు’ చేర్చి చెప్పే కర్మణి వాక్యాలు మన వాడుకలో దాదాపు లేవు. “పిల్లోడు రక్షింపబడ్డాడు” అని ఎవరూ అనరు, “పిల్లోణ్ణి కాపాడినారు” అంటారు. బైబిలు తెలుగులో ఈ ‘బడు’ ఎక్కువైందని నాకూ అనిపిస్తుంది. కానీ ఈ ఒక్కచోట తీసేయడానికి మనసొప్పదు, ఎందుకంటే ఇక్కడ మనిషి చేసిన పని ఏమీ లేదు, అతనికి జరిగిందే ఉంది. “రక్షణ పొందినావా?” అని మన సంఘాల్లో అడుగుతుంటారు. ‘పొందు’ అనగానే పాసైనావా అన్నట్టు వినపడుతుంది నా చెవికి.

ఇవన్నీ అమ్మకు విభక్తుల పేర్లు లేకుండా చెప్పినాను. మాకు తెలిసిన పోలిక కేసీ కెనాల్ (కర్నూలు-కడప కాలువ). “కాలువ ద్వారా నీళ్లొస్తాయి గానీ నీళ్లు కాలువవి కాదు గదమ్మా, తుంగభద్రవి. విశ్వాసం కాలువలాంటిది” అన్నాను. ఆమె సేద్యం చేసిన మనిషి. వెంటనే, “కాలువ పూడిపోతే నీళ్లు రావు గదా. సన్నదైతే తక్కువొస్తాయి గదా” అంది. నా దగ్గర జవాబు లేదు. రెండు మూడు రోజులు అదే ఆలోచన. చివరికి పోలిక బయట వెతకాల్సిన పని లేదని, ఆ మాటలోనే ఉందని తట్టింది. పోయి చెప్పినాను, “అమ్మా, అక్కడున్నది కాలువ కాదు, వాకిలి. వాకిలి చిన్నదని ఇంటికొచ్చే చుట్టం సగమే రాడు గదా. వంగి లోపలికొచ్చినా మొత్తం మనిషే వస్తాడు.” ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “మన పాతింటి వాకిలి తలకు తగిలేది” అంది. ఆ రాత్రి నిద్రపోయింది.

జబ్బు తగ్గలేదు. ఆ ప్రశ్న మాత్రం మళ్లీ అడగలేదు.

మీ అభిప్రాయాలు రాయండి.

ప్రొద్దుటూరు అక్క ఒకరు: తమ్ముడూ, మీ అమ్మగారి మాట చదివి కళ్లు తడిసినాయి. కానీ లూకా సువార్త 7:50లో యేసే ఒక పాపాత్మురాలితో “నీ విశ్వాసము నిన్ను రక్షించెను” అంటాడు కదా. అక్కడ విశ్వాసమే కర్త. మరి ‘చేత’ విశ్వాసానికి తగిలినట్టే కదా?

నా జవాబు: మంచి ప్రశ్న అక్కా, దాటేయలేను. అక్కడ వ్యాకరణం మీరన్నట్టే ఉంది. అదే గ్రీకు క్రియాపదం యేసు ఇంకో చోట రక్తస్రావం గల స్త్రీతో అన్న మాటలోనూ ఉంది, అక్కడ మన బైబిలు “స్వస్థపరచెను” అంది. ఒకే క్రియకు తెలుగులో ఒకచోట స్వస్థత, ఒకచోట రక్షణ అని వచ్చింది. లూకా 7లో ఆ మాటకు ముందు అప్పులవాళ్ల కథ ఉంది. ఒకడు 500 దేనారాలు (అప్పటి నాణేలు), ఇంకొకడు 50 బాకీ. తీర్చడానికి ఇద్దరి దగ్గరా ఏమీ లేదు, ఇద్దరికీ మాఫీ అయింది. ఆ కథ చెప్పినాకే ఆ పాపాత్మురాలితో ఈ మాట అన్నాడు. ఆమె విశ్వాసం అంటే వట్టి చేతులతో ఆయన దగ్గరికి రావడం. నేనలా చదువుకుంటున్నాను.

నంద్యాల నుంచి రిటైరైన తెలుగు మాస్టారు: పౌలే రాసిన రోమా పత్రిక 3:28లో “విశ్వాసమువలననే” అని ఉంది. నీ మూడు విభక్తుల లెక్క అక్కడ తప్పుతుంది నాయనా. పైగా ఆ ‘ఏ’ కారం మూలంలో ఉందా?

నా జవాబు: సార్, తప్పుతుంది, ఒప్పుకుంటున్నాను. రోమా 5:1లో “విశ్వాసమూలమున” అని కూడా ఉంది, గ్రీకులో కూడా అక్కడ ‘ఎక్’ వాడినాడు. కాబట్టి ప్రతి చోటా ‘ద్వారా’యే అనే సూత్రం చేయలేను. రోమా 3లో విశ్వాసాన్ని పోల్చింది ధర్మశాస్త్ర క్రియలతో, అంటే మోషే ధర్మశాస్త్రం చెప్పిన పనులతో. ఎఫెసీ పత్రికలో కృప, విశ్వాసం పక్కపక్కన నిలబడినాయి, అందుకే వాటి మధ్య తేడా అక్కడే స్పష్టం. ‘ఏ’కు సరిపడే మాట మూలంలో లేదు. ప్రొటెస్టెంట్ సంస్కర్త మార్టిన్ లూథర్ 1522లో జర్మన్ కొత్త నిబంధనలో సరిగ్గా రోమా 3:28లోనే ‘మాత్రమే’ అని చేర్చినందుకు పెద్ద గొడవైంది. 1530లో అనువాదం గురించి ఒక ఉత్తరం రాసి, జర్మన్ నుడికారానికి ఆ మాట కావాలని వాదించినాడు. మనకు ఆ గొడవ లేకుండా చిన్న ‘ఏ’ సరిపోయింది.

అనంతపురం తమ్ముడు: అన్నా, అంతా కృపే అయితే మంచి పనులెందుకు? “క్రియలు లేని విశ్వాసమును మృతము” అని బైబిల్లోనే ఇంకో పత్రికలో యాకోబు అన్నాడు కదా.

నా జవాబు: వచ్చే వచనమే చూడు తమ్ముడూ, ఎఫెసీ 2:10. “సత్‌క్రియలు చేయుటకై” అని ఉంది. అది ‘కై’, చతుర్థి. క్రియలవలన కాదు, క్రియలకై. చేత, ద్వారా, వలన, కై, అన్నీ మూడు వచనాల్లోనే. యాకోబు అడిగేది కూడా ఆ ‘కై’ గురించేనని నాకనిపిస్తుంది.

ప్రొద్దుటూరు అక్క: ఈ వాక్యాన్ని మన మాటల్లో చెప్పాలంటే ఎట్లా చెప్తావు?

నా జవాబు: “మీచేత కాలేదు. దేవుడే దయతల్చి మిమ్మల్ని కాపాడినాడు. మీరు ఆయన్ని నమ్మినారు.”

నంద్యాల మాస్టారు: ‘నమ్మినారు’ చివరన పెట్టినాక అది మళ్లీ మనం చేసిన పనిలా వినపడుతోంది. ముందుకు జరుపు.

నా జవాబు: అవును సార్. “మీచేత కాలేదు. ఆయన్ని నమ్మిన మిమ్మల్ని దేవుడే దయతల్చి కాపాడినాడు. ఊరికే ఇచ్చినాడు.” ఇప్పుడు సరిపోయిందా?

నంద్యాల మాస్టారు: ‘ఊరికే’ బాగుంది. అది ఉండనీ.