పాత ఫోటోల్లో కనిపించే నిటారు భంగిమ ఆనాటి మనుషుల అసలు నడవడికేనా?

ప్రశ్న (పాతఆల్బమ్):

19వ శతాబ్దపు యూరప్, అమెరికా ఫోటోలను వరుసగా చూస్తూ పోతే ఒక సందేహం కలుగుతోంది. దాదాపు అందరూ వెన్ను నిటారుగా పెట్టి, పెదవులు బిగించి, చేతిని బల్ల మీదో కుర్చీ వీపు మీదో ఆనించి కనిపిస్తారు. ప్లేటు మీద బొమ్మ పడడానికి చాలాసేపు పట్టేది కాబట్టి అలా ఉండవలసి వచ్చిందని అందరూ చెబుతారు. అయితే ఎక్స్‌పోజర్ సమయం తగ్గిన తరువాత కూడా ఆ ముఖాలు అంత తొందరగా సడలలేదు. అలాంటప్పుడు ఈ ఫోటోలను ఆధారం చేసుకొని, ఆనాటివారు వీధిలో ఎలా నిలబడేవారో, స్నేహితులు ఎంత చనువుగా మెలిగేవారో, ఎదురుపడితే ఎలా పలకరించుకునేవారో చెప్పడం సాధ్యమేనా? తెలిసినవారు వివరించగలరు.

జవాబు (తడిప్లేటు):

అందరూ చెప్పే కారణం తప్పు కాదు గానీ అది కొంతకాలానికే వర్తిస్తుంది. ఫోటోగ్రఫీకి ఆద్యుల్లో ఒకడైన డగేర్ 1838లో పారిస్‌లోని బులవార్ ద్యు తాంప్ల్ వీధిని తీసినప్పుడు ఎక్స్‌పోజర్ కొన్ని నిమిషాలు సాగింది. ఆ రద్దీ వీధిలో కదులుతున్న బళ్లూ మనుషులూ అంతా చెరిగిపోగా, ఒక కాలు ఎత్తిపెట్టి బూట్లు పాలిష్ చేయించుకుంటున్న వ్యక్తి, అతని పాదాల దగ్గర వంగి పనిచేస్తున్న మరొకరు లీలగా మిగిలారు. అంటే ఫోటోకు చిక్కిన తొలి మనుషులు, మనకు తెలిసినంతలో, పోజు పెట్టినవారు కారు.

1840లో పెట్స్‌వాల్ రూపొందించిన, ఎక్కువ వెలుతురు పట్టే లెన్స్, 1851లో ఆర్చర్ ప్రకటించిన తడి కొలోడియన్ పద్ధతి (గాజు పలకకు రసాయనం పూసి, తడి ఆరకముందే ఫోటో తీయడం) వచ్చాక స్టూడియోలో ఆ సమయం సెకన్లలోకి దిగింది. అయినా అన్ని సెకన్లు తలను నిలకడగా ఉంచడం తేలిక కాదు కనుక, వెనుక ఇనుప స్టాండు నిలిపి దాని కొసలను తల వెనుక ఆనించేవారు. నిలువెత్తు ఫోటోల్లో మడమల వెనుక ఆ స్టాండు అడుగు భాగం బయటపడుతూ ఉంటుంది. (అది కనిపిస్తే చాలు, శవాన్ని నిలబెట్టి తీసిన ఫోటో అని ప్రచారం చేసేవారున్నారు. ఆ స్టాండు బతికున్నవారి తల కదలకుండా చూసేదే తప్ప, నిర్జీవ శరీరపు బరువు మోసేది కాదు.) చేతిని బల్లకు ఆనించడంలో కూడా చాలావరకు ఉద్దేశం ఇదే.

జవాబు (చిత్రశాల):

పై వివరణతో ఏకీభవిస్తూనే, నవ్వు విషయంలో సాంకేతిక కారణానికి అంత బరువు ఇవ్వకూడదని నా అభిప్రాయం. 1840లలో ఎడిన్‌బరోలో హిల్, ఆడమ్‌సన్ అనే ఫోటోగ్రాఫర్లు తీసిన కాలోటైప్‌లకు (కాగితపు నెగటివ్ మీద తీసే ఫోటోలకు) ఎండలో చాలాసేపు కూర్చోవలసి వచ్చేది. అయినా బీరు గ్లాసులు ముందు పెట్టుకొని కూర్చున్న ముగ్గురు మిత్రుల చిత్రంలో ముఖాల మీద సరదా స్పష్టంగా కనిపిస్తుంది. దీనికి భిన్నంగా, 1880లలో ముందే తయారుచేసి ఉంచుకోగల పొడి ప్లేట్లు వ్యాపించి ఎక్స్‌పోజర్ సెకనులో భాగానికి తగ్గిన తరువాత కూడా స్టూడియోలో పెదవులు విచ్చుకోలేదు. తైలవర్ణ చిత్రాల నుంచి వచ్చిన మర్యాద అది. పెద్దమనిషి పళ్లు కనబడేలా నవ్వుతూ చిత్రం గీయించుకునేవాడు కాడు. కోటు గుండీల మధ్య చేయి దూర్చే భంగిమను నెపోలియన్‌కు అంటగడతారు గానీ, అంతకు ముందే 18వ శతాబ్దపు ఇంగ్లండులో అది కులీనుల చిత్రాల్లో పరిపాటి. ఫోటోగ్రాఫర్లు దానిని ఉన్నదున్నట్టు అందుకున్నారు. 1854లో ఫ్రెంచ్ ఫోటోగ్రాఫర్ డిస్దేరి పేటెంటు పొందిన చిన్న కార్డు ఫోటోలు చవకగా దొరకడంతో, స్టూడియోలో అలంకారానికి పెట్టిన స్తంభాల పక్కన గుమాస్తా కూడా ప్రభువులా నిలబడడం మొదలుపెట్టాడు.

పాతఆల్బమ్:

ధన్యవాదాలు. మరి అమెరికన్ ఫోటోల్లో మగ స్నేహితులు చేతులు పట్టుకొని, భుజాల మీద చేతులు వేసుకొని, ఒక్కోసారి ఒకరి ఒడిలో ఒకరు కూర్చొని కనిపిస్తారే, అది కూడా ఫోటోగ్రాఫర్ చెప్పి పెట్టించినదేనా?

జవాబు (వీధికెమెరా):

ఫోటోగ్రాఫర్ చెప్పినా, వారికి అది సిగ్గుపడవలసిన విషయంగా తోచలేదన్నదే ఇక్కడ ఆధారం. డబ్బిచ్చి తీయించుకొని ఇంట్లో దాచుకునే ఫోటోలో, నలుగురూ తప్పుపట్టే చేష్టను ఎవరూ పెట్టించుకోరు. 20వ శతాబ్దంలో ఇలాంటివి అరుదైపోయాయంటే మారింది ఫోటోగ్రఫీ కాదు, మగవారి మధ్య చనువుకు సమాజం గీసిన గీత.

అయితే ఏ చేయి, ఏ భుజం అన్నది పట్టించుకునేటప్పుడు జాగ్రత్త అవసరం. వెండిపూత రేకు మీద తీసే డగేరోటైప్, ఇనుప రేకు మీద తీసే టిన్‌టైప్ చిత్రాలు సాధారణంగా అద్దంలోలా కుడి ఎడమలు మారి వస్తాయి. అమెరికన్ బందిపోటు బిల్లీ ద కిడ్ టిన్‌టైప్‌ను చూసి అతడు ఎడమచేతివాటం వాడని చాలాకాలం నమ్మారు. అతని వించెస్టర్ తుపాకీకి కుడివైపు ఉండవలసిన తూటాల ద్వారం బొమ్మలో ఎడమవైపు ఉండటమే అసలు సంగతి చెబుతుంది.

మీరడిగిన వీధి నడవడికకు 1890ల రహస్య కెమెరాలను చూడాలి. తరువాత ధ్రువకాంతుల పరిశోధకుడిగా పేరు పొందిన కార్ల్ స్టోర్మర్ విద్యార్థిగా ఉన్నప్పుడు, చొక్కా మీది వెయిస్ట్‌కోటు గుండీ రంధ్రంలోంచి లెన్స్ తొంగిచూసే కెమెరాతో ఓస్లోలో దారిన పోయేవారిని తీశాడు. ఆ గుండ్రని బొమ్మల్లో కొందరు టోపీ ఎత్తుతూ, కొందరు నవ్వుతూ కనిపిస్తారు. కాకపోతే వారిలో చాలామంది ఎదురుగా పలకరించిన పరిచయస్తుడికి బదులిస్తున్నారు కనుక, అది పలకరింపు చరిత్రకు పనికొస్తుంది గానీ, ఎవరూ గమనించడం లేదనుకున్నప్పటి నడవడికకు కాదు. ఆ లోటును ఇంగ్లండులో పాల్ మార్టిన్ కొంత తీర్చాడు. చంకలో పొట్లంలా కనిపించే కెమెరాతో అతడు 1892లో యార్మత్ తీరంలో తీసిన జంటలు ఇసుకలో ఒకరినొకరు హత్తుకొని పడుకొని ఉన్నారు. విక్టోరియా కాలపు స్టూడియో ఫోటోలు మాత్రమే చూసినవారు ఊహించలేని దృశ్యం అది.