సహారా ధూళి వచ్చిన రోజుల్లో ఆస్తమా ఉన్న పిల్లవాణ్ని ఆటకు పంపవచ్చా?

ప్రశ్న (హ్యూస్టన్ అమ్మ):

మేము హ్యూస్టన్ పడమటి శివారులో ఉంటున్నాము. జూన్ చివరివారం వచ్చిందంటే చాలు, ఆఫ్రికాలోని సహారా ఎడారి నుంచి ధూళి మేఘం వస్తోందని, పిల్లలను గడప దాటనివ్వవద్దని మా వాట్సాప్ గ్రూపులో సందేశాలు మొదలవుతాయి. నిన్నటి నుంచి ఆకాశం నీలం పోయి తెల్లబారింది, కారు బానెట్ మీద వేలితో గీస్తే గీత పడుతోంది. మా అబ్బాయికి తొమ్మిదేళ్లు, ఆస్తమా ఉంది, ఉదయం పూట క్రికెట్ శిక్షణకు వెళ్తున్నాడు. అనంతపురం గాలిదుమారాలు చూసిన మా అత్తగారేమో, కంటికి కనబడని దుమ్ముకు భయమేమిటని నవ్వుతున్నారు. ఎనిమిది వేల కిలోమీటర్ల అవతలి దుమ్ము ఇక్కడిదాకా రావడం నిజమేనా? నిజమైతే, ఏ రోజు పంపాలో ఏ రోజు మాన్పించాలో దేన్ని చూసి నిర్ణయించుకోవాలి?

జవాబు (డాలస్ వాతావరణ విద్యార్థి):

నిజమేనండి, అది ఏటా జరిగేదే. వేసవిలో సహారా మీద వేడెక్కిన గాలి దుమ్ముతో సహా పైకి లేచి, అట్లాంటిక్ సముద్రం మీదికి వచ్చేసరికి కింది తేమగాలి మీద ఒక పొడి పొరగా పరుచుకుంటుంది. నేల నుంచి సుమారు కిలోమీటరున్నర ఎత్తున మొదలై ఆరు కిలోమీటర్ల దాకా ఉండే ఆ పొరను వ్యాపార పవనాలు పడమరకు తోసుకొస్తాయి. 2020 జూన్ మధ్యలో ఆఫ్రికా తీరం దాటిన భారీ ధూళి మేఘం కరీబియన్ దీవులను కప్పేసి, దాదాపు పది రోజులకు టెక్సాస్ చేరింది. దాని పరిమాణం చూసి పత్రికలు గాడ్జిల్లా అని పేరు పెట్టాయి.

ఇక్కడ గమనించవలసిందేమిటంటే, ఉపగ్రహ చిత్రంలో ఎర్రగా కనిపించేది పై నుంచి కింది దాకా ఉన్న ధూళి మొత్తం. అది తలకు రెండు మూడు కిలోమీటర్ల పైన ఆగిపోతే ఆకాశం మసకబారుతుంది, సూర్యాస్తమయం ఎర్రబడుతుంది, కానీ మీ అబ్బాయి పీల్చే గాలి బాగానే ఉండవచ్చు. గ్రూపులో తిరిగే రంగుల పటాలను పక్కన పెట్టి, అమెరికా ప్రభుత్వం గాలి నాణ్యతను చూపే ఎయిర్‌నౌ వెబ్‌సైటులో మీకు దగ్గరలోని కేంద్రం చూపే పీఎం 2.5 (గాలిలోని అతి సన్నటి రేణువుల) సూచీని చూడండి. 100 దాటితే ఆస్తమా ఉన్న పిల్లలకు ఆరుబయట పరుగులాట తగ్గించాలని అర్థం. 51 నుంచి 100 మధ్య ఉన్నప్పుడు పంపి, దగ్గు, పిల్లికూతలు వస్తున్నాయేమో కనిపెట్టి ఉంటే చాలు.

జవాబు (కువైట్‌లో రాజంపేట వాణ్ని):

మీ అత్తగారి పక్షం నేను. ఇక్కడ వాయవ్యం నుంచి వీచే షమాల్ గాలి ఇరాక్ ఎడారి దుమ్మును తెస్తే, కిటికీ సందులకు టేపు అంటించి, తలుపు కింద తడి తువ్వాలు దూర్చినా అన్నం ముద్ద పంటి కింద కరకరమంటుంది. 2022 మే నెలలో విమానాలే ఆపేశారు. అయినా మరునాడు ఎవరి పనికి వారు పోయారు. ఒక మాస్కు పెట్టి పంపండి, అలవాటైపోతుంది.

జవాబు (శ్వాసకోశ చికిత్స విభాగంలో పనిచేస్తాను):

రాజంపేట అన్నగారితో నేను ఏకీభవించను. పంటి కింద తగిలే రేణువు బరువైనది, అది తొందరగా నేలకు రాలుతుంది, లోపలికి పోయినా చాలావరకు ముక్కు, గొంతు దగ్గరే ఆగిపోతుంది. సముద్రం దాటి రాగలిగేది సన్నటి ధూళి, ఊపిరితిత్తుల లోతుకు వెళ్లగలిగేదీ అదే. కనబడలేదు కనుక హాని లేదనుకోవడం సరికాదు, ఆస్తమా ఉన్న పిల్లవాడి విషయంలో అలవాటవుతుందనడం అంతకన్నా సరికాదు. అలాగని గ్రూపులో చెప్పినంత భయమూ అవసరం లేదు: ట్రినిడాడ్‌లో జరిగిన పరిశీలనలో ధూళి వచ్చిన రోజులకూ పిల్లల ఆస్తమా కేసులకూ సంబంధం కనిపించింది, పక్కనే ఉన్న బార్బడోస్‌లో చేసినప్పుడు కనిపించలేదు.

డాక్టరు రోజూ వాడమన్న ఇన్‌హేలర్‌ను ఒక్క పూట కూడా మానవద్దు, అవసరానికి వాడే ఇన్‌హేలర్ కోచ్ దగ్గర కూడా ఒకటి ఉండాలి. ఇంట్లో పొడి చీపురుతో ఊడ్చే బదులు తడిగుడ్డ పెట్టండి, కారులో ఏసీని లోపలి గాలే తిరిగేలా ఉంచండి. అన్నట్టు, హ్యూస్టన్ వేసవిలో ఓజోన్ (ఎండకు వాహనాల పొగ వంటి వాటి నుంచి నేల దగ్గర పుట్టే వాయువు) కూడా తక్కువ శత్రువేమీ కాదు. అది మధ్యాహ్నం, సాయంత్రం పెరుగుతుంది కనుక ఉదయం శిక్షణే మేలు, కానీ అదే సైటులో ఆ సూచీని కూడా చూడండి, నేరమంతా సహారా మీదకు నెట్టవద్దు.

హ్యూస్టన్ అమ్మ:

ధన్యవాదాలండి. ఈ రోజు సూచీ 78 ఉంది, పంపించాను. ధూళి వస్తే హరికేన్లు రావని ఎదురింటివారు అంటున్నారు, అందులో నిజముందా?

జవాబు (డాలస్ వాతావరణ విద్యార్థి):

సగం నిజం. తుపానుకు తేమ కావాలి, ఈ పొర పొడిగా ఉంటుంది, దానితో వచ్చే బలమైన గాలులు తుపాను నిలువుగా ఎదగకుండా అడ్డుపడతాయి. ఈ ధూళి చేసే మేలు అదొక్కటే కాదు. ఏటా సగటున రెండున్నర కోట్ల టన్నులకు పైగా అమెజాన్ అడవి మీద రాలుతుందని, వానలకు ఆ నేల పోగొట్టుకునే భాస్వరానికి దాదాపు సమానమైనంత దానితో అందుతుందని నాసా ఉపగ్రహ సమాచారంతో 2015లో లెక్క కట్టారు. మనవైపు సంగతి చెప్పాలంటే, అరేబియా సముద్రం మీదికి వచ్చే పశ్చిమాసియా ధూళి అక్కడి గాలిని వేడెక్కించి, వారం తిరగకుండానే మధ్య భారతంలో నైరుతి వానలను పెంచగలదని వాతావరణ శాస్త్రవేత్త వి. వినోజ్, ఆయన సహచరులు 2014లో ప్రచురించారు.

అయితే ధూళి పొర దాటిపోగానే సముద్రం మీద మళ్లీ తేమ చేరుతుంది. గాడ్జిల్లా వచ్చిన 2020లోనే అట్లాంటిక్‌లో పేరు పెట్టిన తుపానులు 30 వచ్చాయి, ఆగస్టులో లారా పక్కనున్న లూసియానాను తాకింది. కాబట్టి నీళ్ల సీసాలు, బ్యాటరీలు కొనడం మాత్రం వాయిదా వేయకండి.