‘వచ్చింది’: అమ్మకూ ఆవుకూ ఒకటేనా?

నిన్న ఇక్కడ ఒకరు అడిగిన ప్రశ్న రాత్రంతా బుర్రలో తిరుగుతూనే ఉంది. ‘బస్సు వచ్చింది, ఆవు వచ్చింది, అమ్మ వచ్చింది. తెలుగుకు ఆడవాళ్ళంటే ఇంత చులకనా?’ అని.

ముందు వ్యాకరణం సంగతి. ఆడమనిషి వస్తే తమిళంలో ‘వందాళ్’, కన్నడంలో ‘బందళు’. తెలుగు ఏకవచనంలో ఉన్నవి రెండే: మగవాడికి ‘వచ్చాడు’, మిగతా అందరికీ, అన్నిటికీ ‘వచ్చింది’. బహువచనానికి వచ్చేసరికి గీత జరుగుతుంది. ఆడవాళ్ళు ‘వచ్చారు’, ఆవులు ‘వచ్చాయి’. ఆదిలాబాద్ వైపు వినిపించే గోండి, కొలామీల్లోనైతే బహువచనంలోనూ ఆడవాళ్ళు పశువుల జట్టే. భద్రిరాజు కృష్ణమూర్తి గారు ద్రావిడ భాషల మీద 2003లో వెలువరించిన పుస్తకంలో ఈ తేడాలను పక్కపక్కన పెట్టి చూపించారు. అంతమాత్రాన తమిళ ఇళ్ళలో ఆడవాళ్ళకు గౌరవం ఎక్కువ, గోండు ఇళ్ళలో తక్కువ అనగలమా? అనలేం.

నన్నడిగితే, చూడాల్సింది ఒక్కరికే అయినా గౌరవంగా వాడే ఆ ‘-రు’ ఎవరికి దక్కుతోందని.

పండక్కి మేము బస్సు దిగి వెళ్తే మా అమ్మమ్మ గుమ్మంలోంచే కేకేసేది: “అల్లుడుగారొచ్చారు, అమ్మాయొచ్చింది, కాళ్ళకు నీళ్ళు పెట్టండర్రా!” ఒకే గడప ముందు ఇద్దరు, ఒకరికి ‘-రు’, ఒకరికి ‘-ది’. అందులో చిన్నచూపు లేదు. కడుపున పుట్టిన పిల్లను ‘వచ్చారు’ అంటే పరాయిదాన్ని చేసినట్టుంటుంది.

కానీ ఆసుపత్రిలో ‘డాక్టరమ్మ వచ్చారు’, ‘ఆయమ్మ వచ్చింది’ అంటామే, అక్కడ ఈ చనువు మాట చెల్లదు. ఆయమ్మ మనకు చుట్టం కాదు. చాలాసార్లు మనకన్నా పెద్దది కూడా. చూశారా, ‘పెద్దావిడ కూడా’ అనాల్సిన చోట నేనే ‘పెద్దది’ అని రాసేశాను. దిద్దకుండా అలాగే ఉంచుతున్నాను. డాక్టరమ్మకూ ఆయమ్మకూ వ్యాకరణం ఒకటే, జీతమే వేరు.

ఇల్లు మారితే లెక్కా మారుతుంది. ‘నాన్నగారు వచ్చారు, అమ్మ వచ్చింది’ అనే ఇళ్ళున్నాయి. ‘నాయిన వచ్చిండు, అమ్మ వచ్చింది’ అంటూ ఇద్దరినీ ఒకే చనువుతో పిలిచే ఇళ్ళున్నాయి. అమ్మను కూడా ‘వచ్చారు’ అనే ఇళ్ళూ లేకపోలేదు.

మీ ఇంట్లో ఎలా అనేవారో, మీ ఊరి పేరుతో సహా కింద రాయండి. అత్తగారికీ, ఇంట్లో పనిచేసే ఆవిడకూ ఏమనేవారో కూడా.