డ్వాక్రా మహిళలతో గ్రూప్ డిస్కషనా, విడివిడిగా ఇంటర్వ్యూలా?

కొత్తస్కాలర్: అందరికీ నమస్తే. పల్నాడులో పొదుపు సంఘాల అప్పుల మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. నిన్న మొదటి ఫోకస్ గ్రూప్ పెట్టాను, 8 మంది వచ్చారు. గంటన్నర కూర్చుంటే వచ్చిన జవాబు ఒక్కటే: "అందరం సక్రమంగానే కడతన్నామండీ". ఇంకో 5 గ్రూపులు పెట్టమంటున్నారు గైడ్ గారు. పెట్టనా, ఇంటర్వ్యూలకు మారనా?

ఫీల్డ్‌కాకి: ఆ 8 మందిలో లీడర్ ఉందా? ఊళ్ళో సంఘాల లెక్కలు, లోను కాగితాలు చూసే వీవోఏ ఉందా?

కొత్తస్కాలర్: ఇద్దరూ ఉన్నారక్కా. అందరినీ పిలుచుకొచ్చింది వీవోఏ గారే.

ఫీల్డ్‌కాకి: ఇంకేం మరి. రేపు లోను కాగితం కదలాలంటే ఆమె దగ్గరికే వెళ్ళాలి. ఆమె ఎదురుగా కిస్తీ తప్పానని ఎవరు చెబుతారు? 14 ఏళ్ళుగా ఇదే పనిలో ఉన్నా. గ్రూపులో "ఇబ్బందేం లేదు" అన్న మనిషే సాయంత్రం మిరపచేలో చెప్పింది, గ్రూపు కిస్తీ కట్టడానికి నూటికి 3 రూపాయల వడ్డీకి తెచ్చానని. అప్పటికి రికార్డర్ సంచీలో పెట్టేశాను. నువ్వు ఇంటర్వ్యూలకు మారు.

లెక్చరర్_వరంగల్: అది పద్ధతి లోపం కాదు, పెట్టినవాళ్ళ లోపం. ఒక హోదాలో ఉన్నవాళ్ళనే కలిపి కూర్చోబెట్టాలని ఏ మెథడాలజీ పుస్తకం తిరగేసినా ఉంటుంది. గ్రూపులో "నీకెంత బాకీ" అని అడుగుతారా ఎవరైనా? "కిస్తీ తప్పినామెను మీ ఊళ్ళో ఏమంటారు" అని అడగాలి. అప్పుడు చూడండి, ఒకరి మాటకి ఒకరు అడ్డం వస్తారు. ఆ అడ్డం రావడమే మనకి కావాల్సింది. 1992లో దూబగుంటలో ఆడవాళ్ళు కలిసి కూర్చుని మాట్లాడుకోబట్టే కదా సారా మీద తిరగబడ్డారు?

ఫీల్డ్‌కాకి: వాళ్ళ మాట వాళ్ళు మాట్లాడుకున్నారు సార్. మధ్యలో రికార్డర్ పెట్టుకుని మనం లేం.

చాయ్‌బిస్కెట్: 8 మంది ఎక్కువ. ఆరుగురు చాలు.

కిరణ్_తెనాలి: అసలు వాళ్ళకి డబ్బులిచ్చారా? కూలి మానుకుని వచ్చారు పాపం.

కొత్తస్కాలర్: తలా 200 ఇద్దామనుకున్నా. డబ్బిస్తే జవాబులు మారతాయని గైడ్ గారు వద్దన్నారు.

లెక్చరర్_వరంగల్: సరిగ్గానే చెప్పారు.

కిరణ్_తెనాలి: పోయిన కూలి, దారిఖర్చులు ఇవ్వొచ్చని ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల్లోనే ఉంది సార్. ఆశపడి వచ్చేంత ఇవ్వకూడదు, అంతే.

లెక్చరర్_వరంగల్: అవి ఆరోగ్య పరిశోధనలకి.

కిరణ్_తెనాలి: జ్వరం గురించి అడిగితే పోయే కూలి, అప్పు గురించి అడిగితే పోదా?

లెక్చరర్_వరంగల్: 200 దగ్గరే తిరుగుతున్నారు మీరు. అసలు విషయానికి రండి. ఇంటర్వ్యూలే చేస్తే ఎన్ని చేయాలి? ఘనా, నైజీరియా మహిళలతో చేసిన 60 ఇంటర్వ్యూలని పరిశీలించిన పేపర్ 2006లో వచ్చింది. మొదటి 12 అయ్యేసరికే కొత్త విషయాలు రావడం దాదాపు ఆగిపోయిందని తేల్చారు. మేడమ్ గారిది ఒక్క మిరపచేను. దానికీ రికార్డింగ్ లేదు. ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్‌కి గుర్తున్న మాట డేటా కాదు.

ఫీల్డ్‌కాకి: ఇప్పుడొచ్చింది అసలు మాట. నా మాట డేటా కాదు! ఒక ప్రాజెక్టుకి 40 ఇంటర్వ్యూలు చేసి, రాత్రుళ్ళు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని అక్షరం అక్షరం రాసిచ్చాను. ఒకామె "పరువు కోసం కడతన్నా, పిల్లోణ్ణి బడి మానిపించా" అంది. రిపోర్టులో ఆమె ఎక్కడుందో తెలుసా? "క్రమం తప్పక చెల్లించేవారు" అనే గళ్ళో. ఇదేంటండీ అంటే "విశ్లేషణ మా పని, నువ్వు రాసిస్తే చాలు" అన్నారు. నా పేరు కృతజ్ఞతల్లో కూడా లేదు, అది పోనీండి. ఆమె ఏమందో తేల్చేది ఆ గడప తొక్కని మనిషైతే, గ్రూపు పెట్టినా ఇంటర్వ్యూ చేసినా ఒకటే.

లెక్చరర్_వరంగల్: సొంత గొడవలు ఇక్కడెందుకు?

కిరణ్_తెనాలి: ఇది సొంత గొడవెలా అవుతుంది సార్?

చాయ్‌బిస్కెట్: ఆరుగురు చాలని చెప్పా. ఒక్కరూ వినట్లేదు.

లెక్చరర్_వరంగల్: మేడమ్, మీకు జరిగింది తప్పే, కాదనను. నా బాధ కూడా వినండి. క్లాసులు, పేపర్లు దిద్దడాలు పోను నేను ఊళ్ళకి వెళ్ళేది ఏడాదికి నాలుగు రోజులు. మీలాంటివాళ్ళు తెచ్చిందే నాకు ఆధారం. వైవాలో "ఈ మాట ఎక్కడిది" అని అడిగితే నా స్కాలర్ ఏం చూపించాలి?

ఫీల్డ్‌కాకి: రికార్డర్ ఉంటే ఆ మాటే రాదు సార్. ఆ రాత్రే తేదీ, సమయం వేసి నోట్సు రాసుకున్నా.

లెక్చరర్_వరంగల్: నోట్సు ఉందా? ఫీల్డ్ నోట్సు డేటాయే కదండీ! ముందే చెప్పొచ్చుగా.

ఫీల్డ్‌కాకి: మీరు అడిగితేగా.

లెక్చరర్_వరంగల్: సరే, ఇప్పుడు అడుగుతున్నా. మీరు రాసుకున్నట్టు ఆమెకి తెలుసా?

ఫీల్డ్‌కాకి: మర్నాడు వెళ్ళి చదివి వినిపించా. పేరూ ఊరూ పెట్టకపోతే ఉంచుకోమంది. వడ్డీ 3 కాదు, 3న్నర అని దిద్దింది కూడా.

కొత్తస్కాలర్: అయితే ఆదివారం లీడర్, వీవోఏ లేకుండా ఆరుగురితో పెడతాను. తర్వాత విడివిడిగా చేల దగ్గర కలుస్తాను. కూలి డబ్బుల సంగతి గైడ్ గారిని మళ్ళీ అడుగుతా. వీవోఏ గారిని రావద్దని ఎలా చెప్పాలక్కా?

ఫీల్డ్‌కాకి: రావద్దనకు. లీడర్లకీ వీవోఏలకీ వేరే గ్రూపు పెట్టు, ముందు ఆమెనే పిలువు. ఆమెకూ అప్పులుంటాయి.