3ఎక్స్ = 18 దగ్గర పాప ఎందుకు తప్పుతోంది?

ప్రశ్న (ఏడో తరగతి పాప తల్లి):
మా పాపకి సామాన్య సమీకరణాలు మొదలయ్యాయి. 3ఎక్స్ + 7 = 25 ఇస్తే 3ఎక్స్ = 18 వరకు బాగానే వస్తుంది. ఆ తర్వాత ఎక్స్ = 18 − 3 = 15 అని రాసేస్తోంది. అడిగితే "అటు వెళ్తే గుర్తు మారాలి కదమ్మా" అంటుంది. తప్పని నాకు తెలుసు, ఎందుకు తప్పో చెప్పడం రావట్లేదు. సోమవారం యూనిట్ టెస్ట్. టెన్షన్‌తో అన్నం కూడా సరిగ్గా తినడం లేదు.

జవాబు (హైస్కూల్ లెక్కల టీచర్):
అమ్మా, పాప తెలివిగానే ఆలోచిస్తోంది. తనకి నేర్పిన మాటలోనే ఇబ్బంది ఉంది. సమీకరణంలో ఏ అంకే అటు వెళ్లదు. రెండు వైపులా ఒకే పని చేస్తాం, అంతే. ఇక్కడ రెండు వైపులా 7 తీసేశాం. ఎడమ పక్క +7 పోయింది, కుడి పక్క 25 − 7 అయింది. చూసేవాళ్లకి 7 గీత దాటి గుర్తు మార్చుకున్నట్టు కనిపిస్తుంది. పక్షాంతరం అనేది దీన్నే. కారణం చెప్పకుండా దీన్ని బట్టీ పట్టిస్తే పిల్లలు సరిగ్గా 3ఎక్స్ దగ్గరే పడతారు. ఏటా మా క్లాసులో చూస్తున్నాను, చూసిన ప్రతిసారీ బాధేస్తుంది.

3ఎక్స్‌లో 3కీ ఎక్స్‌కీ మధ్య గుణకారం ఉంది, రాయలేదు కాబట్టి కనపడదు. పాప చేత 3 × ఎక్స్ అని పూర్తిగా రాయించండి. కూడికను విప్పేది తీసివేత, గుణకారాన్ని విప్పేది భాగహారం. 18 ÷ 3 = 6.

ఏది ముందు విప్పాలో చెప్పడానికి మీ ఇంట్లో క్యారేజీ చాలు. అడుగు గిన్నెలో అన్నం, దాని మీద పప్పు, పైన కూర. తినేటప్పుడు ముందు పైగిన్నె తీస్తాం. ఎక్స్ అడుగు గిన్నె. దాని మీద ముందు ×3 పెట్టారు, తర్వాత +7 పెట్టారు. అందుకే 7 ముందు తీస్తాం, 3 తర్వాత.

499 నాటి ఆర్యభటీయంలో ఈ విలోమ పద్ధతి ఒక్క శ్లోకంలో ఉంది: వెనక్కి వచ్చేటప్పుడు గుణకం భాజకమవుతుంది, భాజకం గుణకమవుతుంది, కలిపినది తీసివేతగా, తీసివేసినది కూడికగా మారుతుంది. పాపకి చెప్పండి, సంతోషిస్తుంది.

మరో తండ్రి:
మావాడు ఎక్స్ ÷ 4 − 3 = 2 లో ముందే 4తో గుణించి ఎక్స్ − 3 = 8 అని రాశాడు. ముందు గుణించకూడదా సార్?

టీచర్:
గుణించవచ్చండి. కానీ ఎడమ పక్క మొత్తాన్నీ గుణించాలి, 3ని కూడా. అప్పుడు ఎక్స్ − 12 = 8, ఎక్స్ = 20. మీవాడు 3ని వదిలేశాడు. పైగిన్నె ముందు తీస్తే ఈ గొడవే ఉండదు: ఎక్స్ ÷ 4 = 5, ఎక్స్ = 20.

బ్రాకెట్ ఉంటే మాత్రం వరస మారుతుంది. 2(ఎక్స్ + 5) = 24 లో ముందు 5 కలిపి, ఆ మొత్తాన్ని 2తో గుణించారు. ఇక్కడ పైగిన్నె 2. ఎక్స్ + 5 = 12, ఎక్స్ = 7.

పాప తల్లి:
మాస్టారూ, క్యారేజీ ముందు పెట్టుకుని కూర్చున్నాం, అరగంటలో పది లెక్కలు చేసింది! 20 − 3ఎక్స్ = 8 దగ్గర మాత్రం ఆగింది. 3ఎక్స్ = 8 − 20 అని రాసి, మైనస్ 4 వచ్చిందని అనుమానంగా చూస్తోంది.

టీచర్:
అనుమానం వచ్చిందంటే సగం పని అయిపోయినట్టేనమ్మా. ఆ మైనస్ గుర్తు 3ఎక్స్‌ది. 20 తీసేసినా అది అక్కడే ఉంటుంది: −3ఎక్స్ = −12. రెండు వైపులా −3తో భాగిస్తే ఎక్స్ = 4. ఇప్పుడు మొదటి లెక్కలో 4 పెట్టి చూడమనండి: 20 − 12 = 8, సరిపోయింది. తన పాత జవాబు −4 కూడా పెట్టమనండి: 20 + 12 = 32 వస్తుంది. పరీక్షలో ప్రతి లెక్క కిందా ఈ ఒక్క లైను రాసుకుంటే, మార్కులు వచ్చేదాకా ఆగకుండా అక్కడే తెలిసిపోతుంది.